రేవు ఎక్కని కారు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మనవరాలు కాకినాడ నుంచి తన కారు వేసుకుని రాజమండ్రిలో మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా డిక్కీ తెరిచి, అందులోంచి ఒక అట్టపెట్టె తీసి, పసిబిడ్డను అందించినంత జాగ్రత్తగా నా ఒళ్ళో పెట్టింది. విప్పి చూద్దును కదా, నల్లటి స్పాంజిలో పొదిగిన కొత్త పెట్రోలు పంపు ఒకటి, దాని పక్కన వరసగా, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగు తళతళలాడుతూ కనిపించాయి. ఫోనులో చూసి తెప్పించుకుందట. కారు ఈమధ్య లాగడం లేదని, ఫ్లైఓవరు ఎక్కుతుంటే వెనకవాళ్ళు హారన్లు కొట్టి పరువు తీస్తున్నారని, ఇవి బిగిస్తే బండి దూసుకుపోతుందని కొన్నవాళ్ళందరూ రాశారని గుక్క తిప్పుకోకుండా చెప్పి, చివరికి అసలు సంగతికి వచ్చింది.

“తాతయ్యా, అన్నేళ్ళు కారు నడిపావు కదా, నిజం చెప్పు. ఇవి పెడితే నిజంగా లాగుతుందంటావా?”

నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఇదే ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నేను ఒక ఎండాకాలమంతా గోదావరి ఇసుకలో నానా తంటాలూ పడ్డాను. పిల్లకు వెంటనే జవాబు చెప్పకుండా, ముందు కాఫీ తాగమ్మా అని లోపలికి పంపి, ఆ పెట్టెను పక్కన పెట్టాను.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, వంతెనలు రాకముందు కారుతో గోదావరి దాటడమంటే అదో పెద్ద యజ్ఞం. రెండు పెద్ద పడవలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచిన పంటు మీదికి కారును ఎక్కించి, లాంచీతో ఆ పంటును లాక్కుపోయేవారు. వరదల రోజుల్లో నీళ్ళు గట్టు దాకా వచ్చేవి కాబట్టి పంటు దిగితే రోడ్డే. వేసవి వచ్చిందంటే ఏరు కిందికి జారిపోయేది, పంటు ఎక్కడో దూరాన ఆగేది, అక్కడినుంచి గట్టు దాకా తాటాకులు పరిచిన ఇసుకలో పోయి, ఆఖరున నిటారుగా ఉన్న రేవు గట్టు ఎక్కాలి. ఆ ఆఖరి నలభై అడుగులు ఎక్కగలిగినవాడే మా వైపు డ్రైవరు కింద లెక్క. రేవులో బడ్డీకొట్ల వాళ్ళకూ, పడవల వాళ్ళకూ వేసవిలో అంతకు మించిన వినోదం లేదు. కారు పంటు దిగిందంటే చాలు, చేతిలో పని వదిలేసి గట్టు మీద వరస కట్టేవారు.

కారు మా బావగారిది. అక్కను ఆత్రేయపురం దగ్గరి పల్లెలో వ్యవసాయదారుల ఇంట ఇచ్చారు. బావగారు మాట పొదుపు మనిషి, నెలకు పది మాటలకంటే ఎక్కువ మాట్లాడితే ఆ నెల ఏదో విశేషం ఉన్నట్టే. అలాంటాయన ఉన్నట్టుండి ఒక వాడిన నల్ల కారు కొని, అద్దెకు తిప్పుతానన్నారు. నేను అప్పటికి కడియంలో ఒక నర్సరీలో మొక్కల సంచులకు మట్టి నింపే పనిలో ఉన్నాను. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వంగి మట్టి నింపడం, సాయంత్రానికి ఆ మొక్కలు లారీలెక్కి ఎక్కడెక్కడికో దేశాలు పట్టుకు పోతుంటే నేను మాత్రం ఆ మట్టిలోనే ఉండిపోవడం, తలుచుకుంటే ఇప్పటికీ నడుం లాగుతుంది. నా తమ్ముడికి స్టీరింగ్ ఇవ్వండని అక్క బావగారిని ఎలా ఒప్పించిందో తెలియదు గానీ, రాజమండ్రిలో డ్రైవింగు నేర్చుకుని వచ్చి ఆ కారు తలుపు మొదటిసారి తీసిన రోజున నాకు రాజ్యం దొరికినట్టే అనిపించింది.

మా ఒడ్డున పెట్రోలు బంకు లేదు. అవతలి ఒడ్డు నుంచి డబ్బాలతో పడవ మీద పెట్రోలు తెచ్చి, అక్కావాళ్ళ వసారాలో ఒక డ్రమ్ములో నిలవ చేసేవాళ్ళం. పడవలో గాలికి ఇసుక పడుతుంది, డబ్బా అడుగున నీటి చుక్కలు చేరతాయి. అందుకని కారులో పోసేటప్పుడు గరాటుకు గుడ్డ కట్టి వడపోసేవాడిని. ఏ గుడ్డపడితే ఆ గుడ్డ కాదండోయ్. అక్క పూతరేకులు వేసేది. జారుగా కలిపిన బియ్యప్పిండిలో పలచని గుడ్డ ముంచి, బోర్లించి కాల్చిన కుండ మీద ఒక్క విసురున పరిచి తీస్తే, చూస్తుండగానే కాగితం కన్నా పలచని రేకు లేచి వచ్చేది. అదెన్నిసార్లు చూసినా నాకు గారడీలాగే ఉండేది. ఆ గుడ్డ జిలుగుతనం చూసి, పెట్రోలు వడపోతకు దీన్ని మించింది దొరకదని నా మట్టిబుర్రకు తోచింది. అక్క పని ముగించి గుడ్డను నీళ్ళలో జాడించి తీగ మీద ఆరేసేది, అది ఎండకు ఫెళఫెళలాడుతూ గంజి పెట్టినట్టు ఆరేది, నేను చెప్పా పెట్టకుండా లాక్కుపోయి, వడపోత కాగానే మళ్ళీ తీగ మీద పడేసేవాడిని. ఇంతటి వడపోత రాజమండ్రిలో కూడా లేదని తోటి డ్రైవర్ల దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆ వేసవిలో కారుకు ఏదో అయింది. రోడ్డు మీద బుద్ధిగానే పోయేది. రేవు గట్టు దగ్గరికి వచ్చేసరికి సగం ఎక్కి, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయేది. మొదట నలుగురిని పిలిచి తోయించేవాడిని, ఇసుక మీద నెపం పెట్టేవాడిని. నా తర్వాత వచ్చిన కార్లు అదే ఇసుకలో చక్కగా ఎక్కిపోతుంటే ఆ నెపం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఒకనాడు కొత్త దంపతులను ఎక్కించుకుని వస్తుండగా సరిగ్గా గట్టు మధ్యలో ఆగిపోయి, వెనక్కి జారి, ఇసుకలో దిగబడింది. పెళ్ళికూతురు పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, ఎర్రటి ఎండలో ఉత్త కాళ్ళతో గట్టు ఎక్కింది. పెళ్ళికొడుకు మెడలో దండ తీసి పక్కన పెట్టి మాతోపాటు కారు తోశాడు. గట్టు మీది జనం నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది. బావగారు కేకలు వెయ్యలేదు. కాకినాడ నుంచి ఒకాయన కారు కొంటానని అడుగుతున్నారని, వచ్చే ఆదివారం తాను అవతలి ఒడ్డు నుంచి ఇదే కారులో వస్తానని, నిండు బరువుతో రేవు ఎక్కితే కారు ఉంటుందని, ఎక్కకపోతే సోమవారం ఇచ్చేస్తానని మాత్రం చెప్పారు. ఇచ్చేస్తే నేను మళ్ళీ కడియం వెళ్ళి మట్టి నింపుకోవాలి. ఆ పూట అక్క వడ్డిస్తూ నా మొహంలోకి చూసి ఏమీ అడగకుండా ఇంకో గరిటె పెరుగు వేసింది.

మర్నాడే రాజమండ్రి పరిగెత్తాను. అక్కడొక మెకానిక్కు బానెట్టు ఎత్తి చూసి, జబ్బు చెప్పడానికి అరనిమిషం కూడా తీసుకోలేదు. ఇంజనుకు చాలినంత పెట్రోలు అందడం లేదని తేల్చేశాడు. ఆ మాట నిజమే, అక్కడిదాకా ఆయన తప్పు చెప్పలేదు. దానికి మందుగా, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటరు, పెద్ద కారుకు ఉండేది ఒకటి, కరెంటుతో పనిచేసే పంపు ఒకటి తెచ్చి బిగించి, “ఇంక చూసుకోండి, మీ బండి గుర్రమైపోద్దండి” అన్నాడు. నిజంగానే గుర్రమైపోయింది. ఆ సాయంత్రం రేవు గట్టును ఒక్క ఊపులో ఎక్కేసింది, మర్నాడూ ఎక్కేసింది. కొత్త సామాను వాసన పీలుస్తూ నేను మీసం మెలేశాను. మూడోనాడు పొద్దున నల్లటి పొగ కక్కుతూ గట్టు సగం దాకా వెళ్ళి, మళ్ళీ అవే ఎక్కిళ్ళు, అదే ఆగడం. అప్పటికి శుక్రవారం.

కారును పంటు పక్కన వదిలేసి ఇసుకలోనే కూలబడ్డాను. అప్పుడు లాంచీ మీంచి దిగి వచ్చాడు సరంగు బాబాయి. లాంచీ నడిపేవాణ్ణి మా వైపు సరంగు అంటారు. ఆయన చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, వయసులో వేట మానేసి లాంచీ ఇంజను చేతికి తీసుకున్న మనిషి. ఊళ్ళో అందరూ బాబాయనే పిలిచేవారు. నాలుగు అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాదు. కానీ నడి ఏటిలో లాంచీ ఇంజను చప్పుడు రవ్వంత మారితే, మాట్లాడుతున్నవాడల్లా తలతిప్పి, ఏ బోల్టు వదులైందో చెప్పి, వెళ్ళి అదే బోల్టు బిగించి వచ్చేవాడు. నా కారు చప్పుడు రోజుకు రెండుసార్లు ఆయన చెవిన పడుతూనే ఉంది కదా, నాకా సంగతి తట్టనే లేదు.

ఇంజను ఆడించమన్నాడు. వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత ముందుకు వచ్చి, కార్బురేటరు గాలి పీల్చే నోటి మీద అరచెయ్యి సగం అడ్డం పెట్టాడు. ఇంజను ఉక్కిరిబిక్కిరై నల్లపొగ చిమ్మింది. చెయ్యి తీశాడు, పొగ తగ్గింది.

“చూశావా, నూనె ఎంత పోస్తే ఏం, గాలి ఎంతో మంట అంతే. దీనికి ఆకలి కాదబ్బాయ్, గొంతుకలో ఏదో అడ్డం పడింది. గొంతుక అడ్డం పడ్డోడికి పెద్ద కంచం పెడితే ఏం లాభం?”

పెట్రోలు టాంకు విప్పించాడు. అందులో పెట్రోలు పీల్చే గొట్టం కొసకు వేలెడంత ఇత్తడి జల్లెడ ఉంటుంది. బయటికి తీసి చూస్తే జల్లెడ కళ్ళే కనపడలేదు, తెల్లటి జిగురు పట్టి మూసుకుపోయి ఉంది. టాంకు అడుగున ఉన్న పెట్రోలును అల్యూమినియం పళ్ళెంలో వంచి ఎండలో పెట్టాడు. పెట్రోలు ఆవిరైపోయిన కొద్దీ పళ్ళెంలో సన్నటి తెల్లని పొడి మిగిలింది. ఆయన దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు, నాలిక కొసకు రాసుకున్నాడు, తుపుక్కున ఉమ్మాడు.

“బియ్యప్పిండి” అన్నాడు.

ఇనుము, పెట్రోలు, పొగ, ఇన్నింటి లోపల దాక్కున్న చిటికెడు బియ్యప్పిండిని అరచేత్తోనూ, నాలికతోనూ పట్టుకున్న మనిషి ముందు నిలబడి, దేవుడి గుళ్ళో నిలబడినట్టు రెండు చేతులూ కట్టుకున్నాను. ఆ తర్వాత ఎందరో పెద్ద పెద్ద ఇంజనీర్లను కారులో తిప్పాను గానీ, ఆనాడు కలిగినంత అబ్బురం మళ్ళీ ఎవరి దగ్గరా కలగలేదు.

ఏ గుడ్డతో వడపోస్తున్నావని అడిగాడు. చెప్పాను. జాడించినా గుడ్డలో మిగిలిన పిండి, ఎండి, పెట్రోలు పోసినప్పుడల్లా కొంచెం కొంచెంగా రాలి టాంకులోకి పోయింది. డబ్బాల అడుగున చేరిన నీటి చుక్కలతో కలిసి గంజయింది. మామూలు రోడ్డు మీద ఇంజనుకు కావలసిన నాలుగు చుక్కలకు అది దారి ఇచ్చేది, గట్టు ఎక్కేటప్పుడు దోసెడు కావాలి, అక్కడ గొంతు పట్టేసేది. మరి కొత్త సామాను పెట్టినప్పుడు రెండు రోజులు ఎలా ఎగిరింది? అదీ ఆయనే చెప్పాడు. పాతవి విప్పినప్పుడు మెకానిక్కు గొట్టంలో గాలి కొట్టి ఉంటాడు, ఆ ఊపుకు జల్లెడ మీది గంజి పక్కకు తొలిగి ఉంటుంది. పని చేసింది ఆ ఊదుడు, పేరు వచ్చింది కొత్త సామానుకు. అంటే, నా వడపోతే నా కారు గొంతు పిసికింది.

టాంకు కడిగాం, గొట్టాలు ఊదాం, పాత కార్బురేటరూ పాత పంపూ డిక్కీలోంచి తీసి మళ్ళీ బిగించాం. ఇంత పని చేసినవాడు బావగారికి ఏం చెబుతాడోనని నాకు లోపల పీకులాట. నన్ను తిడితే పడతాను, కానీ అక్క పూతరేకుల గుడ్డ వల్ల కారు పాడైందన్న మాట ఆ ఇంట్లో ఒకసారి లేచిందంటే జన్మంతా ఆవిడ దాన్ని మొయ్యాలి. అడక్కుండానే బాబాయి నా మొహం చూసి, “టాంకులో చెత్త చేరింది, కడిగేశామని చెబుతాన్లే. అబద్ధం కాదు కదా” అన్నాడు.

ఆదివారం బావగారు వెనక సీట్లో కూర్చున్నారు. ఆయనతోపాటు కాకినాడ ఆయన, మరో ముగ్గురు, డిక్కీ నిండా ఎరువు బస్తాలు. పంటు ఆగింది. గట్టు మీద జనం అప్పుడే వరస కట్టారు. తాటాకుల మీదికి దిగి, రెండో గేరు నుంచి మొదటి గేరుకు మార్చాను. కారు గట్టు అందుకుంది. సగం దాటింది, ఎక్కిళ్ళు పెట్టే చోటు వచ్చింది, ఊపిరి బిగబట్టాను, కారు మాత్రం ఊపిరి తీసుకుని పైకి పోయింది. రోడ్డు మీద ఆపాక కళ్ళలో నీళ్ళు తిరిగి ముందున్న అద్దం కనపడలేదు. కాకినాడ ఆయన ఇంకా ఆసక్తిగా బేరం మొదలుపెట్టబోతే, బావగారు ఆ నెల కోటాలో ఒక మాట ఖర్చుపెట్టి “ఇవ్వమండి” అన్నారు. వెనక్కి తిరిగి చూస్తే కింద బాబాయి లాంచీ ఇంజను మీద వంగి ఏదో తుడుచుకుంటున్నాడు, మావైపు చూడనే లేదు.

అయినా నా కుర్రతనపు దురద తీరక, తర్వాత ఒకరోజు, శుభ్రమైన కారుకే ఆ పెద్ద కార్బురేటరు పెట్టి గట్టు ఎక్కించి చూశాను. ఎక్కింది, కానీ పాతదానితో ఎక్కినంతే ఎక్కింది. పెట్రోలు మాత్రం దాహంగొన్న ఎద్దులా తాగింది. అలాగని ఇలాంటివన్నీ మోసమని బాబాయి ఎన్నడూ అనలేదు. తన లాంచీకే ఆయన, ఇంజనులోకి నూనె చిమ్మే నాజిళ్ళు పెద్దవి వేసుకున్నాడు. గాలి వచ్చే దారినీ పొగ పోయే గొట్టాన్నీ ముందు వెడల్పు చేసి, ఆ తర్వాతే వేశాడు. వరదలో ఎదురు ప్రవాహానికి రెండు పంటులను ఒకేసారి లాగుతుంటే ఆ లాంచీ గుండె చప్పుడుకు రేవంతా అదిరేది. ఇంజను పెద్దదాన్ని చెయ్యదలిస్తే మొత్తంగా చెయ్యాలి, లేకపోతే ఉన్నదాన్ని శుభ్రంగా ఊపిరి పీల్చుకోనివ్వాలి; ఆయన దగ్గర నేను నేర్చుకున్న చదువంతా ఇదే.

ఇదంతా కాఫీ తాగివచ్చిన మనవరాలికి చెప్పి, ముందు బానెట్టు ఎత్తమన్నాను. లోపల అంతా ప్లాస్టిక్కు మూత. కంటికి ఏదీ కనపడదు, చెవికి ఏదీ వినపడదు. పిల్ల ఫోనులో చూసి నాలుగు క్లిప్పులు తీసి, గాలి వడపోసే ఫిల్టరు బయటికి లాగింది. బోర్లించి తడితే గుప్పెడు వరి పొట్టు రాలింది. రోజూ ఆఫీసుకు పోయి వచ్చే దారి పొడుగునా రోడ్డు మీద ధాన్యం ఆరబోసి తూర్పారబడుతుంటారట. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. కొత్త ఫిల్టరు కొని వేసుకుని, అట్టపెట్టెను అలాగే మళ్ళీ డిక్కీలో పడేసి, ఆ కారులోనే అక్కను చూడడానికి బయలుదేరాం. కారు ఎక్కడా ఎక్కిళ్ళు పెట్టలేదు. వంతెన మీద నాలుగు నిమిషాల్లో గోదావరి దాటేశాం. రేవు ఉన్న చోట ఇప్పుడు తుమ్మలు మొలిచాయి.

బావగారు పోయారు, బాబాయీ పోయాడు, ఇంక దాచేదేముందని, అక్క పెట్టిన పూతరేకు తింటూ ఆ బియ్యప్పిండి సంగతి ఇన్నేళ్ళకు ఆవిడ ముందు బయటపెట్టాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. వత్తులు చేసుకుంటున్నదల్లా తలైనా ఎత్తలేదు.

“నాకు తెలీదనుకున్నావేంట్రా? తీగ మీద గుడ్డ పెట్రోలు కంపు కొడుతుంటే తెలీదా? నువ్వా శనివారం ఆ గుడ్డని పెరట్లో పాతిపెట్టడం చూశానుగా. తర్వాత డ్రమ్ము మీద రోజూ మడతేసిన గుడ్డ ఉండేది, అదెవరు పెట్టారనుకున్నావు?”

నిజమే, ఆ ఆదివారం తర్వాత డ్రమ్ము మూత మీద ఎప్పుడు చూసినా తెల్లగా ఉతికి మడతపెట్టిన ఒక పాత పంచె ముక్క ఉండేది. పిండి తగలనిది, వేడినీళ్ళలో ఉడకబెట్టినది. నా తప్పు నాకు గుర్తు చెయ్యకుండా, తనకు తెలుసని నాకు తెలియనివ్వకుండా, పూతరేకుల పొయ్యి దగ్గర అంత చాకిరీ చేసి కూడా రోజూ అది పెట్టింది. అరచేత్తో ఇంజను జబ్బు పట్టినవాణ్ణి చూసి జన్మంతా అబ్బురపడ్డాను, ఇంట్లోనే ఉన్న ఇంకో వైద్యం నా కంట పడలేదు.

ఇప్పుడు కార్లు వాటి జబ్బు అవే చెబుతాయి, ఎర్రదీపం వెలిగిస్తాయి, ఫోనుకు కబురు పంపుతాయి; మంచిదే, రేవులో ఏ పెళ్ళికూతురూ కాళ్ళు కాల్చుకోనక్కరలేదు. కానీ చెప్పకుండా తెలుసుకునేవాళ్ళు, తెలిసి కూడా చెప్పకుండా చేసేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వంతెన వచ్చేదాకా, ఆరేళ్ళపాటు, ఆ డ్రమ్ము మీది గుడ్డతోనే పెట్రోలు వడపోశాను. దాన్ని ఎవరు ఉతుకుతున్నారని ఒక్కనాడూ అడగలేదు.